నాటకం తర్వాతి గంట

ఏ నాటక సభకు వెళ్ళినా వేదికమీది వక్తల్లో ఒకరైనా చెప్పే మాట ఒకటుంది. నాటకానికి ప్రేక్షకులు కరువయ్యారని, టీవీ కొందరినీ ఫోను మరికొందరినీ లాక్కుపోయాయని, మన కళను మనమే బతికించుకోవాలని. ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకునేటప్పుడు ఈ మాట ఊరూరా వినిపిస్తుంది. ఈ మధ్య తెనాలిలో జరిగిన నాటికల పోటీలకు వెళ్ళినప్పుడు ఒకే సాయంత్రం నలుగురి నోట వరసగా విన్నాను. వింటున్న మేమంతా పనులు మానుకుని నాటకం కోసమే వచ్చి కూర్చున్నవాళ్ళం. రానివారి మీద ఫిర్యాదు వచ్చినవారికి చెప్పి, ఆ చెప్పడంలోనే వచ్చినవారి సమయమంతా గడిపేస్తుంటే, కారణం మరెక్కడో ఉందేమోనని నాకు అనిపించింది.

నాకు తోచినంతలో ప్రేక్షకుడికి ఆసక్తి తగ్గలేదు, తోడు తగ్గింది. నాటకం చూడడం మొదటినుంచీ నలుగురు కలిసి చేసే పని. కలిసి బయలుదేరడం, పక్కపక్కన కూర్చోవడం, తెర పడ్డాక కాసేపు నిలబడి వాదించుకోవడం, ఇవన్నీ కలిస్తేనే అది పూర్తవుతుంది. ఆ చివరి గంట దక్కనివారికి మరోసారి రావాలన్న కోరిక బలంగా పుట్టదు. మన ప్రదర్శనలు నడుస్తున్న తీరు సరిగ్గా ఆ గంటనే మింగేస్తోంది.

తోడు లేకపోతే

మేము గుంటూరులో ఉంటాం. తెనాలి పాతిక కిలోమీటర్లు. మా బృందంలో పదిమందిమి. ఒక లెక్కల మాష్టారు, ఒక లాయరు గారు, మందుల దుకాణం నడిపే దంపతులు, బడిలో పనిచేసి పదవీ విరమణ చేసిన అక్కచెల్లెళ్ళిద్దరు, మేమిద్దరం, మావారితో బ్యాంకులో కలిసి పనిచేసిన ఒకాయన, ఆయన భార్య. ఇందులో నాటకాన్ని ప్రాణంగా చూసుకునేవారు ముగ్గురికి మించరు. మిగిలినవాళ్ళం ఆ ముగ్గురి వెంట వెళ్ళి, వెళ్ళినందుకు ప్రతిసారీ సంతోషించినవాళ్ళం.

ఒక్కరే వెళ్ళాల్సివస్తే మానుకోవడానికి ఎంత చిన్న కారణమైనా సరిపోతుంది. సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టినా చాలు, ఇంటికి ఎవరో వస్తామన్నా చాలు. పదిమంది అనుకున్నాక ఆ కారణాలు పనిచేయవు. దుకాణం అన్నయ్యగారు పొద్దున్నే అందరికీ ఫోన్లు చేస్తారు. "చెల్లెమ్మా, ఐదింటికల్లా గుమ్మంలో ఉండండి" అని ఆయన అన్నాక ఐదింటికి గుమ్మంలో ఉండకుండా ఎవరం తప్పించుకోలేం. ఊరు చేరగానే బోసు రోడ్డు వైపు తిరిగి వేడివేడి పునుగులు తిని, టీ తాగి, అప్పుడు హాలుకు వెళ్ళడం మా అలవాటు. ఆ అరగంటలోనే ఆ రోజు ఏ నాటికలున్నాయో, ఏ ఊరి నాటక సమాజం వేస్తున్నదో, అంతకుముందు వాళ్ళది ఏది చూశామో మాటల్లోకి వస్తుంది. హాల్లోకి అడుగుపెట్టేసరికి మేము సగం సిద్ధమై ఉంటాం.

ఆడవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. నాటకాల హాళ్ళలో ఆడవాళ్ళు తక్కువగా ఉంటారని నిర్వాహకులే అంటుంటారు. అందుకు ఇతివృత్తాలు కారణమని కొందరంటారు గాని నేను నమ్మను. ఎప్పుడు ముగుస్తుందో తెలియని కార్యక్రమానికి, ఎలా తిరిగి రావాలో తెలియని చోటికి, తోడు లేకుండా ఏ ఆడమనిషీ రాత్రిపూట బయలుదేరదు. మా బృందంలోని అక్కచెల్లెళ్ళిద్దరూ మాతో రావడం మొదలుపెట్టకముందు చాలా ఏళ్ళపాటు నాటకం అన్నదే చూడలేదట. చిన్నతనంలో తండ్రి చెయ్యి పట్టుకుని పద్యనాటకాలకు వెళ్ళినవాళ్ళు వాళ్ళు. మధ్యలో పోయింది ఇష్టం కాదు, తీసుకువెళ్ళే మనిషి.

పాత రోజుల్లో ప్రేక్షకులు

1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలోనే. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన మా పెద్దవాళ్ళకు నాటకమంటే రాత్రి తొమ్మిదికో పదికో మొదలై తెల్లవారుజామున ముగిసే వ్యవహారం. చాపలు, దుప్పట్లు, నిద్రపోయే పిల్లలు, బళ్ళు, అన్నీ వెంట వచ్చేవి. కంట్రాక్టు నాటకాల రోజుల్లో వేర్వేరు సమాజాల పేరున్న నటులను ఒకచోట చేర్చి, ఒకే రాత్రి ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురిని దించేవారు. మొదటి కృష్ణుడు రాయబారానికి ముందు దాకా, రెండో కృష్ణుడు అక్కడినుంచి. ఏ కృష్ణుడు పద్యం బాగా ఎత్తుకున్నాడు, ఎవరు రాగాన్ని మరీ సాగదీశారు, హార్మోనియం ఎవరికి సరిగ్గా అందింది అన్న చర్చ ఆ తెల్లవారుజామున మొదలై వారాల తరబడి రచ్చబండల మీద నడిచేది. వన్స్‌మోర్ అన్న కేక వేసింది ఒక్కరే అయినా దానివెనక ఒక గుంపు అంగీకారం ఉండేది.

ఆ రోజులను మరీ అందంగా చెప్పడం నాకిష్టం లేదు. ఆ చాపల మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించిన ఊళ్ళున్నాయి. ఆడవాళ్ళు వెనక చీకట్లో కూర్చుని వినికిడితోనే సరిపెట్టుకున్న సందర్భాలు మా అమ్మే చెప్పింది. వేదికమీద చాలాకాలం ఆడపాత్రలు కూడా మగవాళ్ళవే. ఆడవాళ్ళు మొదటినుంచీ నటించిన సురభివారి వంటి సమాజాలు అరుదు. కాబట్టి ఆ కాలం తిరిగి రావాలని నేను కోరను. అయితే అప్పటి నాటకం తన ప్రేక్షకులను ఒక్కొక్కరిగా కాక గుంపులుగా పిలుచుకుందని, మాట్లాడుకోవడానికి వాళ్ళకు ఏదో ఒకటి చేతికిచ్చి పంపిందని మాత్రం గుర్తుచేయదలచాను.

గురజాడవారి కన్యాశుల్కాన్ని చూడండి. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు. 1909 నాటి విస్తృతమైన పాఠాన్ని యథాతథంగా ఒక్క రాత్రిలో ఆడడం కష్టం గనుక కుదించి వేస్తుంటారు. దాన్ని వేదికమీద పూర్తిగా చూసినవారికంటే గిరీశం గురించి, మధురవాణి గురించి వాదించుకున్నవారు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నాటకం బతికి ఉండడంలో ఆ వాదనల వంతు చిన్నది కాదు.

ఆ రాత్రి టీ బండి దగ్గర

తెనాలి పోటీల్లో మేము చూసిన రెండో నాటిక గురించి కొంచెం వివరంగా చెబుతాను. పదవీ విరమణ చేసిన బడిపంతులు, విదేశంలో స్థిరపడిన కొడుకు, అమ్మకానికి పెట్టిన ఇల్లు. చివరి సీనులో తండ్రి తాళంచెవి కొడుకు చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని వృద్ధాశ్రమానికి బయలుదేరతాడు. తండ్రి పాత్రధారి అనుభవజ్ఞుడు. ఆయన గడప దగ్గర ఆగి వెనక్కి చూసినప్పుడు హాల్లో ముక్కులు చీదుకోవడం వినిపించింది. తెర పడింది, చప్పట్లు కొట్టాం, టీ కోసం బయటికి వచ్చాం.

లెక్కల మాష్టారు కోపంగా ఉన్నారు. "ఈ పరిషత్తు పోటీల్లో ఏ నాటిక చూసినా చివరికి వృద్ధాశ్రమానికే చేరుతోంది. కొడుకులంతా దుర్మార్గులే, తండ్రులంతా దేవుళ్ళే. ఏడిపించి మార్కులు తెచ్చుకోవడం నాటకమవుతుందా?" అన్నారు. నాకూ దాదాపు అలాగే అనిపించింది. లాయరు గారు ఇంకో వైపునుంచి అందుకున్నారు. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఉందని, చూసుకుంటానన్న షరతుమీద రాయించుకున్న ఆస్తిని, చూసుకోని పక్షంలో రద్దుచేయించుకునే వీలు అందులో ఉందని, దానికి కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదని, ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చని చెప్పారు. ఇదేమీ తెలియనట్టు ఒక బడిపంతులును నిస్సహాయుడిగా చూపడం ఈ కాలానికి అబద్ధమని ఆయన వాదన. "తెలియక కాదు లాయరు గారూ, తెలిసినా కొడుకు మీద అర్జీ రాసే తండ్రి ఎంతమంది?" అన్నారు దుకాణం అన్నయ్యగారు. అలాగైతే ఆ చట్టం తెలిసి కూడా తాళంచెవి ఇచ్చేసే తండ్రి కథ రాయాల్సిందని, అది ఇంతకంటే పెద్ద నాటకమయ్యేదని మాష్టారన్నారు. అప్పటికి ఆయన కోపం పోయి ఉత్సాహం వచ్చింది.

అంతసేపూ మాట్లాడనిది దుకాణం వదినగారు ఒక్కరే. ఆవిడ కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఆ నాటిక ఆవిడకు గుచ్చుకుని ఉంటుందేమోనని మేమూ కాస్త జంకాం. చివరికి ఆవిడే అడిగారు. "తాళంచెవి తీసుకునేటప్పుడు ఆ కొడుకు వేషం వేసిన కుర్రాడు ముందు చెయ్యి చాచి, వెనక్కి లాక్కుని, మళ్ళీ చాచాడు. ఎవరైనా చూశారా?" మాలో ఎవరం చూడలేదు. మా కళ్ళన్నీ తండ్రి మీదే ఉన్నాయి. ఆవిడ కళ్ళు మాత్రం కొడుకును వదల్లేదు. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిన క్షణంలో వాడు దుర్మార్గుడు కాదని తనకు తెలిసిందని, రచయిత రాయనిది ఆ కుర్రాడు చేశాడని ఆవిడ అన్నారు. మాష్టారు చాలాసేపు ఏమీ అనలేదు. నేను చూసిన నాటిక అక్కడ, ఆ టీ బండి వెలుతురులో, మరో నాటికగా మారింది. ఒక్కదాన్నే వచ్చి, తెర పడగానే ఇంటికి వెళ్ళిపోయి ఉంటే నా దగ్గర మిగిలేది సగం నాటిక.

ఆ తర్వాత జరిగింది మరీ ముఖ్యం. ఆ సమాజంవాళ్ళు కూడా టీ కోసం అక్కడికే వచ్చారు. కొడుకు వేషం వేసిన కుర్రాడు చెంపల దగ్గర మేకప్పు పూర్తిగా పోకుండానే వచ్చి నిలబడ్డాడు. వదినగారు అతన్ని పిలిచి, "బాబూ, ఆ చెయ్యి ఎందుకు వెనక్కి తీశావు?" అని అడిగారు. అతను కాసేపు ఏం చెప్పాలో తెలియనట్టు చూసి, రిహార్సళ్ళలో అనుకోకుండా వచ్చిందని, దర్శకుడు ఉంచమన్నాడని, అంతకుముందు వేసిన ఊళ్ళలో ఒక్కరు కూడా దాని సంగతి ఎత్తలేదని చెప్పాడు. పగలు ఎరువుల దుకాణంలో పనిచేస్తాడట. పోటీలో తనకు ఎన్ని మార్కులు వచ్చాయో ఎవరో ఒకరు చెబుతారట గాని, తాను చేసినదాంట్లో ఏది బాగుందో, ఏది బాగాలేదో చెప్పేవారు దొరకరట. నటుడికి చప్పట్లకంటే ఎక్కువ ఏదో కావాలని నాకు ఆ కుర్రాడి ముఖం చూస్తే అర్థమైంది. అది ఇవ్వగలిగినవాళ్ళు ప్రేక్షకులే, అది కూడా నలుగురు కూడి చూసినదాన్ని కలబోసుకున్నప్పుడే.

శాలువాల సంగతి

మరి ఆ గంట ఎందుకు దొరకడం లేదు? కరపత్రంలో ప్రదర్శన ఆరున్నరకు అని ఉంది. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, దాతల పరిచయం, సన్మానాలు అయ్యేసరికి మొదటి నాటికకు ఎనిమిదింపావు దాటింది. రెండోది ముగిసేసరికి పదిముప్పావు. మూడోది పదకొండు దాటాక మొదలైంది. మేము బయట ఆ కుర్రాడితో మాట్లాడుతున్నప్పుడే లోపల మూడో నాటిక తెర లేచింది. మాలో నలుగురు లోపలికి వెళ్ళారు, తక్కినవాళ్ళం కార్ల దగ్గరికి నడిచాం. దూరంనుంచి వ్యానులో సెట్టింగు సామాను వేసుకుని వచ్చిన ఆ బృందం, న్యాయనిర్ణేతల ముందు, మిగతా సమాజాలవారి ముందు, కొన్ని ఖాళీ వరుసల ముందు నటించింది.

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే విషయం ఒకటుంది, దాన్ని తేలిగ్గా దాటలేను. ఆ రోజు సన్మానం పొందినవారిలో ఒక వృద్ధ హార్మోనిస్టు ఉన్నారు. పద్యనాటకాలకు జీవితమంతా వాయించిన మనిషి. శాలువా కప్పినప్పుడు ఆయన చేతులు వణికాయి. ఆయన మనవరాలు కింద నిలబడి ఫోనులో ఫొటోలు తీసుకుంది. ఆయన వృత్తిలో పింఛను లేదు, పదవీ విరమణ సభ లేదు. ఆ శాలువా ఒక్కటే ఆయనకు ఊరు ఇచ్చిన రసీదు. దాన్ని ఎలా కాదంటాం? రెండోది, ఈ పోటీలు నడిచేది దాతల డబ్బుతో. హాలు అద్దె, మైకులు, లైట్లు, సమాజాలకిచ్చే పారితోషికాలు, వాళ్ళ భోజనాలు, ఇవన్నీ ప్రవేశం ఉచితమైన చోట ఎవరో ఒకరు పెట్టుకోవాలి. పెట్టుకున్నవారిని వేదికమీదికి పిలవడం మర్యాద. నిర్వాహకుల్లో ఒకరు మాతో అన్నమాట కూడా నిజమే: "అమ్మా, ఆ రెండు మాటలు చెప్పించకపోతే వచ్చే ఏడు పోటీలే ఉండవు."

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, సభ నాటకానికి ముందే జరగాలన్న నియమం ఎవరు పెట్టారో నాకు అర్థం కాదు. నాటికకూ నాటికకూ మధ్య సెట్టింగు మార్చడానికి ఎలాగూ అరగంట పడుతుంది. తెర వెనక ఇల్లు పోయి బడి వస్తున్నంతసేపూ తెర ముందు సన్మానం జరగవచ్చు. ఆ హార్మోనిస్టుకు ఆరున్నరకు సగం నిండిన హాల్లో కంటే ఏడున్నరకు నిండిన హాల్లో, అప్పుడే ఒక మంచి నాటిక చూసి కదిలిపోయి ఉన్న జనం ముందు శాలువా కప్పితే ఆయనకు దక్కే గౌరవం ఎక్కువే గాని తక్కువ కాదు.

ఒంటరి ప్రేక్షకుడు, మౌనం, టికెట్టు

మా బృందంలోనే నా మాట ఒప్పుకోని వారున్నారు. పెద్ద అక్కయ్యగారికి నాటకమయ్యాక ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. మంచి నాటకం చూశాక ఆ బరువును అలాగే ఇంటికి తీసుకెళ్ళాలని, వెంటనే మాట్లాడితే అది చెదిరిపోతుందని ఆవిడ అంటారు. టీ బండి దగ్గర కూడా కాస్త దూరంగా నిలబడతారు. ఆవిడ చెప్పినదాంట్లో నిజముంది. కొన్ని నాటకాలు వెంటనే మాటలకు లొంగవు. అయినా ఆవిడ అలా మౌనంగా ఉండగలుగుతున్నది కూడా పదిమంది మధ్య, తిరుగు ప్రయాణం గురించి బెంగ లేకుండా. తోడు అంటే మాట్లాడి తీరాలన్న నిర్బంధం కాదన్నది ఆవిడ వల్లే నాకు తెలిసింది.

టికెట్టు పెడితే అన్నీ చక్కబడతాయన్నది లాయరు గారి పట్టు. డబ్బిచ్చినవాడు సమయానికి మొదలుపెట్టమని అడుగుతాడు, ఉచితంగా వచ్చినవాడు నోరు మూసుకుంటాడు అని. సురభివారు టికెట్ల అమ్మకంతోనే తరాల తరబడి నిలిచారని ఆయన గుర్తుచేస్తారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ కుటుంబ సమాజాల ఆటకు ఇప్పటికీ జనం కుటుంబాలతో కదిలి వస్తారు. బాణాలు గాలిలో ఢీకొన్నప్పుడు, నారదుడు మేఘాలమీంచి దిగినప్పుడు పిల్లలు అక్కడికక్కడే నాన్నను అడగడం మొదలుపెడతారు. నాటకం తర్వాతి గంట అక్కడ నాటకంలోనే మొదలవుతుంది. అయితే సాంఘిక నాటికల పోటీలకు టికెట్టు పెట్టి నెగ్గుకురాగలమా అన్న సందేహం నాకుంది. పల్లెనుంచి సైకిలు మీద వచ్చి వెనక వరుసలో నిలబడి చూసే మనిషిని పోగొట్టుకునే టికెట్టు నాకు వద్దు.

హైదరాబాదులో మా అమ్మాయి తీసుకెళితే బంజారాహిల్స్‌లోని లమకాన్ చూశాను. 2010 నుంచి నడుస్తున్న చోటు అది. ఒక పాత ఇంటి ఆవరణ, ఆరుబయటి వేదిక, పక్కనే చాయ్, సమోసాలు. అక్కడ నాటకం ముగిశాక జనం ఎక్కడికీ పరుగెత్తలేదు. చాలామంది అదే ఆవరణలో కూర్చుండిపోయారు, నటులు వచ్చి వాళ్ళ మధ్యే కూర్చున్నారు. ఆ ఏర్పాటును అలాగే మన ఊళ్ళకు తేలేం, అంత చిన్న ఆవరణలో మన పద్యనాటకం ఇమడదు కూడా. కానీ చూసినవాళ్ళు నిలబడి మాట్లాడుకోవడానికి ఒక చోటు, ఒక టీ, ఒక అరగంట ఏర్పాటు చేయడం ఏ కళాక్షేత్రానికైనా కష్టమా?

మేము రాసిచ్చిన లెక్క

తెనాలినుంచి తిరిగివచ్చిన వారం లెక్కల మాష్టారు ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద వేళలు వేశాం. ఆరున్నరకు ప్రార్థన అయిన వెంటనే మొదటి నాటిక. ఏడున్నరనుంచి ఎనిమిదింటిదాకా తెర ముందు సన్మానాలు, తెర వెనక సెట్టింగు. ఎనిమిదికి రెండోది. తొమ్మిదినుంచి తొమ్మిదిన్నరదాకా అతిథుల మాటలు, దాతల పరిచయం. తొమ్మిదిన్నరకు మూడోది. పదిన్నరకు తెర పడితే పదకొండున్నరదాకా నిలబడి మాట్లాడుకున్నా గుంటూరు చేరేసరికి ఆ రోజు చేరిన వేళ కంటే ఆలస్యం కాదు. ఏ సన్మానాన్నీ తీసేయలేదు, ఏ దాతనూ తక్కువ చేయలేదు.

ఆ కాగితాన్ని నిర్వాహకులకు ఇస్తూ మా వైపునుంచి రెండు మాటలు కలిపాం. వాళ్ళు ఈ వేళలు పాటిస్తే మూడో నాటిక తెర పడేదాకా మా పది కుర్చీలు ఖాళీ కావని, మాలో ఒక్కొక్కరం ఇప్పటిదాకా పోటీలకు రాని ఒక ఇంటివాళ్ళను వెంటబెట్టుకు వస్తామని. అక్కచెల్లెళ్ళిద్దరూ ఇప్పటికే తమ వీధిలో ముగ్గురు ఆడవాళ్ళను ఒప్పించారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న నాటిక దేని గురించి అని కాదట, ఎన్నింటికి ముగుస్తుంది, తిరిగి ఎవరితో వస్తాం అనట.